తెర మీద ఏమని రాసుంది?

"ఏమని రాసుందే?" అంది అమ్మ.

బిందు వినపడనట్టు కూర్చుంది. పొద్దున్నుంచి అమ్మ ఆ మాట అడగడం అది తొమ్మిదోసారి.

అమ్మ ముందు గదిలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు బిందుకు ఒకటే తుమ్ములు. ఎదురుగా ఉన్న కంప్యూటర్ అరగంటకోసారి దానంతట అదే ఆగిపోతోంది. అందులో కొత్త విండోస్ ఎక్కించాలి. సీడీ పెట్టే అర తెరుచుకోదు. అందుకని ముందు పెన్‌డ్రైవ్‌లోకి, దాన్నుంచి కంప్యూటర్‌లోకి. కావలసిన ఫైళ్లు పోయినవారం అన్న త్రినాథ్ తెచ్చి కంప్యూటర్‌లో పెట్టాడు. ఎలా చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి గుంటూరు హాస్టల్‌కి వెళ్లిపోయాడు. పెన్‌డ్రైవ్ మాత్రం పక్కింటి మెహర్ అక్కది.

పోయినేడు అమ్మ పురుగుమందు డబ్బా మీది రాత చదివించుకోకుండానే మందు కలిపింది. అర ఎకరం మిరపతోట ఆకు మాడిపోయింది. అప్పట్నుంచి ఇంగ్లీషు కనిపిస్తే చాలు, ఆమెది అదే ప్రశ్న.

తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో మూడు వరుసల ఇంగ్లీషు. కింద 'యెస్', 'నో'.

"నిన్నే. ఏమని రాసుంది?"

"అబ్బా, ఏం లేదమ్మా. మామూలే."

బిందు 'యెస్' నొక్కింది.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేసరికి మెహర్ వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం ఆమెది. మిరప కోతల కూలీల మీద ప్రాజెక్టు రాసి, నాలుగు ఆదివారాలు నెట్ సెంటర్‌లో కూర్చుని టైపు చేసి ఆ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంది. సోమవారం కాలేజీలో ఇవ్వాలి. ఒక్కసారి చూసుకుంటానంది.

బిందు పెన్‌డ్రైవ్ తెరిచింది. విండోస్ ఫైళ్లు తప్ప ఏమీ లేవు.

"ఖాళీ ఉంది, వాడుకోమన్నావు కదక్కా," అంది బిందు.

"ఖాళీ జాగా ఉందన్నాను. నావి తీసెయ్యమన్నానా?" మెహర్ గుమ్మంలోనే కూలబడింది. "ముప్పై రెండు పేజీలు, బిందూ."

అన్న కాగితంలో ఈ సంగతి రాయలేదని బిందు గొణిగింది.

"కాగితంలో లేదు సరే," అంది అమ్మ. "తెర మీద ఉందా, లేదా?"

ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. మూడు వరుసలే. చదివితే బిందుకు అర్థమయ్యేవే.

"నేనడిగితే ఏమన్నావు?"

మెహర్ లేచి వెళ్లిపోయింది.

కాసేపటికి బిందు పక్కింటికి వెళ్లింది. చేత్తో రాసుకున్న కాగితాలు ఉన్నాయా అని అడిగింది. ఉంటే తాను టైపు చేస్తానంది, ఇవాళా రేపూ కూర్చుని.

"ముందు మీ కంప్యూటర్ బాగుపడాలిగా," అంది మెహర్ విసుగ్గా. అయినా కాగితాల కట్ట తెచ్చి చేతిలో పెట్టింది.

బిందు కట్టను బల్ల మీద పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటర్ ఆన్ చేసింది. ఈసారి అమ్మ అడగక ముందే మొదలుపెట్టింది.

"ఏ భాష కావాలని అడుగుతోందమ్మా."

"ఊఁ."

"కీబోర్డు ఏ రకమని."

"ఊఁ."

"ఇది వాళ్ల షరతులు. చాలా పొడుగుంది. చదవనా?"

"ఎన్ని అడుగుతుందే ఇది! నా పని సాగనిస్తావా తల్లీ," అంది అమ్మ. అయినా వింటూనే ఉంది.

తర్వాత ఇంకో పెట్టె తెరుచుకుంది. బిందు నెమ్మదిగా చదివింది. "కంప్యూటర్‌లో ఉన్నవన్నీ పోతాయి. సరేనా అంటోంది."

అమ్మ చేతులు ఆగాయి. "ఎవరివి?"

బిందుకు తెలియదు. అన్న చదువుకునేవి ఉన్నాయో, ఏమున్నాయో.

మౌస్ మీంచి చెయ్యి తీసింది. లేచి వెళ్లి, అన్నకు ఫోన్ కలిపింది.