పెరుగు తొట్టిలో ఎంగిలి

హైమవతి భర్తకు దేవుడు ముక్కు ఎందుకిచ్చాడో, పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా, అంగారకుడి మీదికి వచ్చి నాలుగేళ్లయినా ఆవిడకు అంతుపట్టలేదు. కళ్లజోడు నిలబెట్టుకోవడానికే అయ్యుండాలి. భోజనశాలలో పెరుగు తడి సాక్సుల కంపు కొడుతోంది. గరిటెతో ఎత్తితే తీగలు సాగి చీమిడిలా వేలాడుతోంది. డాక్టర్ త్రిలోచనరావు మాత్రం తెర మీద గ్రాఫు చూసి, "ఆమ్లం సరిగ్గా ఉంది. తినొచ్చు," అన్నాడు.

"అయితే ముందు మీరు కానివ్వండి," అంటూ హైమవతి గిన్నె ఆయన ముందుకు జరిపింది.

పంటినొప్పిగా ఉందని ఆయన తప్పించుకున్నాడు.

ఆ గ్రాఫు గీసేది ఆయన కనిపెట్టిన పరారుణి అనే మాట్లాడే యంత్రం. పాలు తోడుపెట్టే తొట్టిలోంచి నిమిషానికో పెరుగు చుక్క మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లోకి వెళ్తుంది. గోరంత పలక అది. అందులో వెంట్రుకకన్నా సన్నని కాలవలు. కంటికి కనపడని పరారుణ కాంతి వాటి గుండా పోతుంటే, ఒక్కో రకం అణువు తన వంతు కాంతిని మింగేస్తుంది. ఎక్కడెంత తగ్గిందో చూసి, పాలలోని చక్కెర ఎంతవరకు ఆమ్లంగా మారిందో, ఇంకేం కలిసిందో పరారుణి చెప్పేస్తుంది. ఇక ఎవరూ రుచి చూడనక్కర్లేదని, తొట్టి మూతే తీయొద్దని ఆయన పెద్ద బోర్డు పెట్టించాడు.

"ఆమ్లం సంగతి సరే. ఇంకేముందో అడగండి," అంది హైమవతి.

"మానవ లాలాజలం," అంది పరారుణి. "తొమ్మిది రోజులుగా, రోజూ ఉదయం."

భోజనానికి కూర్చున్న నలభై మంది చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి. ఒకాయన నోరు మూసుకుని బయటికి పరిగెత్తాడు.

త్రిలోచనరావు గబుక్కున వంటమనిషి వైపు తిరిగాడు. "ఛీ! ఎంగిలి గరిటె ముంచుతున్నావా పైడితల్లీ? రేపట్నుంచి వంటింట్లో అడుగు పెట్టొద్దు. మురుగు ఫిల్టర్లు కడుక్కో."

"నానా బాబూ? ఎంగిలి సేత్తో ఉప్పు డబ్బా కూడా ముట్టను నాను." పైడితల్లి చేతులు జోడించింది. "వొండడం తప్ప నాకేటొచ్చు? ఆ మురుగులోకి తొయ్యకండి బాబూ."

హైమవతి అమాయకంగా మొహం పెట్టింది. "పరారుణీ, ఆ లాలాజలంతో పాటు ఇంకేమైనా ఉందా అమ్మా?"

"లవంగ నూనె."

"నీకేమైనా పంటినొప్పా పైడితల్లీ?"

"నాయి కట్టుడుపళ్లమ్మా!"

త్రిలోచనరావు ఎడమ బుగ్గలో లవంగం కదలడం మానేసింది. అందరూ ఆ బుగ్గనే చూస్తున్నారు.

"గ్రాఫు బాగానే ఉందనుకో... అయినా మనసొప్పక... ఓ చెంచా..." అని గొణిగాడు.

"ఒక్క చెంచానా?"

"లవంగానికి నోరు మొద్దుబారింది. మొదటిదానికి రుచి తెలియలేదు."

"అదే చెంచా మళ్లీ ముంచారా?"

ఆయన తలూపాడు.

"పైడితల్లికి వినపడలేదండీ. కాస్త గట్టిగా."

త్రిలోచనరావు లేచి నిలబడ్డాడు. లవంగం ఉమ్మబోయి, నలభై మంది చూస్తున్నారని మింగేశాడు.

"నా యంత్రాన్ని నేనే నమ్మలేకపోయాను పైడితల్లీ. ఎంగిలి చేసింది నేను, బయటపడుతుందని భయపడి నీ మీదికి నెట్టింది నేను. నీ వంటిల్లు నీదే. ఫిల్టర్లు నేను కడుగుతాను. తప్పు నాది."