చలివేంద్రం ఐసుగడ్డ

అన్యాయం జరిగింది ఎవరికి? నాచారం పారిశ్రామికవాడలో రాత్రి ఎనిమిదికి షిఫ్టు దిగి, దాహంతో ఒక అపార్ట్‌మెంటు గేటు ముందున్న చలివేంద్రం దగ్గర ఆగే కార్మికులకు. ఎలా? డ్రమ్ములోని ఐసుగడ్డ రోజూ సగం మాయమైపోయేది.

అంతకన్నా పెద్ద అన్యాయం దీపకు జరిగింది. ఫ్రిజ్ మెకానిక్ బిక్షపతి కూతురు, తండ్రితో సమానంగా పనిచేసే ఆ అమ్మాయి, స్కూటీ మీద ఐసు తెచ్చేది. మాయమైన సగం ఆమే జ్యూస్ బండికి అమ్ముకుంటోందని వీధి తీర్మానించింది.

ఐసు మాయమవడం మొదలైన ఏడో సాయంత్రం ఆమె మెట్ల మీద నీటిచుక్కల జాడ పట్టుకొని డాబా ఎక్కింది. మూడో అంతస్తు ధీరజ్, టెలిస్కోపుకు బిగించిన కెమెరా చుట్టూ ఐసు సంచులు కడుతున్నాడు.

"దొరికినవ్ సారూ! ఏంది, కెమెరాకు జరమొచ్చిందా?"

"అవునండీ... అంటే, వేడెక్కితే ఫోటో నిండా రంగు చుక్కలు పడతాయి. గెలాక్సీ కనిపించదు."

"గెలాక్సీకి ఐసు, మనుషులకు ఉడుకునీళ్లా? ఏం తీసినవో సూపియ్."

చూపించాడు. ఐసు చల్లదనానికి అద్దం మీద తేమ పట్టి, అంతా తెల్లటి మసక.

"గిది గెలాక్సీనా, ఇడ్లీనా?"

ధీరజ్ నవ్వకూడని వేళ నవ్వాడు. దీప కూడా నవ్వబోయి, కోపం గుర్తొచ్చి ఆగింది.

"నువ్వు ఎత్కపోయినవ్, నన్ను దొంగన్నరు. మా నాయిన దుకాణంల గిరాకి తగ్గింది."

అతని ముఖం పాలిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు.

అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షురాలు కమలకుమారి తీర్పు చెప్పింది: "ఏడు రోజులు నువ్వే ఐసు మోసుకురా. చివరి రోజున అందరి ముందూ నిజం చెప్పు."

దీప స్కూటీ వెనక, ఒళ్లో ఐసుగడ్డతో, తడిసిన ప్యాంటుతో ధీరజ్ ఆరు రోజులు ఊరేగాడు. వీధి ఆనందించింది. ఆరో రోజు దీప, పాడైన వాటర్ డిస్పెన్సర్ నుంచి విప్పిన, కరెంటిస్తే ఒక పక్క చల్లబడే చిన్న శీతల పలకను, ఫ్యాన్‌ను కెమెరా వెనక బిగించింది. తేమ పీల్చే పొట్లాలు లోపల పెట్టింది.

"ఫ్రిజ్ ఎనక ఎన్నడన్న శెయ్యి పెట్టి సూసినవా? బయటి ఐసు లోపటికి తేవుడు గాదు. లోపటి ఏడి బయటికి పంపాలె."

ఆ రాత్రి గెలాక్సీ స్పష్టంగా దిగింది.

ఏడో రోజు షిఫ్టు దిగింది. ధీరజ్ ఐసుగడ్డ పట్టుకొని డ్రమ్ము ముందు నిలబడ్డాడు. "ఐసు దొంగ నేను. దీప గారి తప్పు ఏమీ లేదు. బిక్షపతి గారూ, క్షమించండి."

"మంచిది," అంది కమలకుమారి.

"ఇంకొకటుందండీ. లోపలి వేడి బయటికి పంపమన్నారు కదా." దీప వైపు తిరిగాడు. "మీరంటే నాకు ప్రాణం."

కార్మికులు ఈలలు వేశారు. దీప చెంపలు కందాయి. బిక్షపతి గంభీరంగా అన్నాడు: "బిడ్డా, జవాబు జల్ది చెప్పు. ఆని చేతుల ఐసు కరుగుతున్నది."

"రేపు గూడ ఐసు పట్కరా," అంది దీప, నేల చూస్తూ. "ఎల్లుండి గూడ."

ఏడో గడ్డ డ్రమ్ములో పడింది. కమలకుమారి తొలి గ్లాసు తాగి, ఆఖరి చుక్క వరకూ పరీక్షించి ప్రకటించింది:

"చల్లగా ఉన్నాయి. బాకీ తీరింది."