తగిలింది, ఆనింది, తప్పింది

ఏడూ నలభైకి నూకరత్నం పదహారో దెబ్బ దగ్గర ఉంది. తెర మీద ఒక యువకుడి తల కుడివైపు తిరిగి ఆగిపోయింది. ఎదుటివాడి గ్లోవు దవడ మీద ఉంది. బొమ్మ కింద తూనిక అనే యంత్రం తన మాట రాసేసింది: తగిలింది, ఎనభై రెండు. ఆమె చెయ్యవలసింది 'ఔను' నొక్కడం. నొక్కింది. పదిహేడోది వచ్చింది.

అమెరికాలో సాయంత్రం జరిగిన సాధనలు విశాఖపట్నం మధురవాడకి పొద్దున్నే చేరతాయి. బాక్సర్లు నోట్లో పెట్టుకునే పళ్లతొడుగులో గింజంత పరికరం ఒకటి ఉంటుంది. తల ఎటు, ఎంత వేగంతో కదిలిందో అది చెబుతుంది. ఎందుకు కదిలిందో చెప్పలేదు. అందుకు బొమ్మ చూడాలి. బొమ్మ చూసి తూనిక మూడు మాటల్లో ఒకటి అంటుంది: తగిలింది, ఆనింది, తప్పింది. ఆనిందంటే గ్లోవు తాకింది గానీ తలకి దెబ్బ లేదని. యంత్రం మాట మీద మనిషి సంతకం ఉండాలని అక్కడి చట్టం. ఆ సంతకం కోసం మూడో అంతస్తులో నూట ముప్పై మంది చదువరులు కూర్చుంటారు.

లైసెన్సుతో పాటు ప్రతి బాక్సరుకీ నూరు పాళ్ల తలవాటా ఇస్తారు. 'తగిలింది' అన్న ప్రతిసారీ అందులో కొంత పోతుంది. ఎంత పోవాలన్నది దెబ్బకి తూనిక వేసిన అంకెనీ, కొట్టినవాడి బరువునీ బట్టి ఉంటుంది. వాటా సున్నాకి వస్తే లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ ఇవ్వరు. తేలిక బరువుల వాళ్లకి అది ముప్పై అయిదేళ్ల వయసు దాకా సరిపోతుంది. హెవీవెయిట్లకి సాధనలోనే అయిపోతుంది.

అమెరికా హెవీవెయిట్లు ఎందుకు లేకుండా పోయారన్న దాని మీద ఏటా ఒక నివేదిక వస్తుంది. ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతున్నారని ఒక ఏడు రాశారు. ఊళ్లలో బాక్సింగ్ శాలలు మూతపడ్డాయని ఇంకో ఏడు. ఇప్పటివాళ్లకి ఓపిక లేదని మరో ఏడు. పదిహేడేళ్లుగా ఆ దేశం వాడికి బెల్టు రాలేదు. మొదటి పదిమందీ తూనిక లేని దేశాల వాళ్లే. ఆ ముక్క ఏ నివేదికలోనూ లేదు.

ఇరవయ్యో దెబ్బ దగ్గర తెర చుట్టూ ఎర్ర గీత వచ్చింది. డెమారియస్ కోల్, టొలీడో, ఇరవై మూడేళ్లు, నూట తొమ్మిది కిలోలు. తలవాటా రెండు. ఈ సాధనలో దెబ్బలు ముప్పై ఒకటి. మిగిలిన వాటికి ఆమె ఔను అంటే వాటా ముగుస్తుంది. ముగించే ముందు అతని మాట వినాలని నియమం. నూకరత్నం చెవికి గొట్టం పెట్టుకుంది. తూనిక అతని మాటల్ని తెలుగు చేసి వినిపించింది.

"నా పేరు డెమారియస్ కోల్. నాకు తలనొప్పి లేదు. నిద్ర పడుతోంది. మా అమ్మ ఫోన్ నంబరును వెనక నుంచి ముందుకు చెప్పగలను. నా తల ఊగుతోందని మీరు అంటున్నారు. ఊపుతున్నది నేను. దయచేసి మళ్లీ చూడండి."

ఇలాంటివి ఆమె రెండు వందలకి పైగా విన్నది. అందరూ మళ్లీ చూడమంటారు. ఆమె వేలు ఔను మీదికి వెళ్లింది.

"ఏటమ్మా, సల్లారిపోతంది, తాగీ," అంటూ ఎల్లాజీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అంతస్తులో టీ ఇచ్చేది అతనే. అరవై ఆరేళ్లు. జాలారిపేట మనిషి. వయసులో హార్బర్ జట్టు తరఫున బాక్సింగ్ ఆడాడు. టీ బండి తోసేటప్పుడు ఆ భుజాలకి బండి చిన్నదవుతుంది.

"పెట్టు బాబాయ్. తెర చూడకు. హేమసుందర్ చూస్తే నాకు వాత పెడతాడు."

"నానేటి సూత్తాను? కళ్లజోడు ఇంటికాడ ఒగ్గీసొచ్చాను," అని ఎల్లాజీ తెర చూశాడు. "ఈడెవడమ్మా? బాగా ఆడతన్నాడు."

"ఆడడమేటి? ముప్పై ఒక్క దెబ్బలు తిన్నాడు."

"తిన్నాడా? ఒక్కటీ తిన్నేదు."

"తల ఊగిపోతోంది కదా?"

"ఊగినేదు. వాలిచ్చాడు."

నూకరత్నం చెవి గొట్టం తీసింది. "వాలివ్వడమేటి?"

"ఏటకెల్లినప్పుడు కెరటం వత్తాది సూడు. తెప్పని అడ్డంగా పెట్టీమనుకో, ఇరిగిపోద్ది. దాంతోపాటే వాలిచ్చీమనుకో, కిందనించి ఎల్లిపోద్ది. మాకు బాక్సింగ్ నేర్పినాయన ఇంగ్లీషులో దానికేదో పేరు సెప్పీవోడు. మాకు నోరు తిరక్క వాలు అనుకునీవోళ్లం." అతను వంగి మొహం ఆమె ముందు పెట్టాడు. "సెయ్యి నా దవడ మీద పెట్టి తొయ్యి. గట్టిగా. టీ మోసీవోడని జాలి పడకు."

ఆమె తోసింది. ఎల్లాజీ తల పక్కకి వెళ్లిపోయింది. ఆమె అరచేతికి ఏమీ అందలేదు. తీసి ఉన్న తలుపును తోసినట్టుంది.

"ఇప్పుడు తొయ్యి."

ఈసారి అతను మెడ బిగించాడు. తల కదల్లేదు. అరచేతికి ఎముక తెలిసింది. ఆమె మోచేతి దాకా జివ్వుమంది.

"బాబాయిని కొడుతున్నావేటే రత్నం? టీలో పంచదార తగ్గిందా?" అని వెనక వరసలో ఎవరో నవ్వారు.

ఎల్లాజీ దవడ రుద్దుకున్నాడు. "ఇదమ్మా తగలడమంటే. తల కదిల్నేదు సూడు." బండి తోసుకుంటూ తర్వాతి వరసకి వెళ్లిపోయాడు.

నూకరత్నం గోడ వైపు చూసింది. అక్కడ గ్రెగ్ స్టోల్ అనే పాత బాక్సరు బొమ్మ ఉంది. కింద 'ఆదర్శ శిరస్సు' అని రాసి ఉంది. ఆ పక్కన ఒక అంకె: డెబ్బై ఒకటి. పదకొండేళ్లు ఆడి మానేసేనాటికి అతనికి మిగిలిన వాటా అది. బొమ్మలో అతని చెంప మీద గ్లోవు ఉంది. తల నిటారుగా ఉంది. కొత్తగా చేరే చదువరులకి మొదటి రోజు చూపించేది దాన్నే. రెండేళ్ల కిందట స్టోల్ వైద్యపరీక్ష దస్త్రం ఒకటి పొరపాటున నూకరత్నం తెరకి వచ్చింది. ముప్పై ఏడేళ్ల మనిషికి ఒకామె గొట్టంతో నీళ్లు తాగిస్తోంది. ఈ రోజు ఏ వారం అని అడిగితే అతను నవ్వాడు. అది వంశంలో ఉన్న జబ్బని కింద రాశారు. దానికీ ఆమె ఔను అంది.

తూనికకి చూపు నేర్పింది ఆరుగురు ఆడవాళ్లు. ఇరవై ఏళ్ల కిందట, ఒక సెల్‌ఫోన్ దుకాణం మీది గదిలో కూర్చుని, నలభై వేల బొమ్మలకి పేర్లు పెట్టారు. నూకరత్నానికి అప్పుడు ఇరవై నాలుగు. వాళ్లలో ఎవరూ బాక్సింగ్ చూసి ఎరగరు. తగలడానికీ ఆనడానికీ తేడా ఎలా తెలుస్తుందని రెండో రోజు ఎవరో అడిగారు. ఇచ్చిన పుస్తకంలో అది లేదు. సినిమా ఫైటింగుల్లో హీరో కొడితే రౌడీ తల గిర్రున తిరుగుతుంది, రౌడీ కొడితే హీరో తల కదలదు. దెబ్బ గురించి ఆ గదిలో అందరికీ తెలిసింది అంతే. "తల ఊగితే తగిలినట్టు, ఊగకపోతే ఆనినట్టు. అంతే కదే," అన్నది నూకరత్నం. సరే అనుకుని క్యారియర్లు విప్పుకున్నారు.

ఆమె ఆనాటి బొమ్మల్ని, తూనిక మూలనమూనాల్ని, తెరిచింది. మొదటిదీ రెండోదీ ఒకే సాధనలోవి. మొదటి దాంట్లో దెబ్బకి ఒకతని గడ్డం భుజం మీదికి వెళ్లింది, తల దానితో పాటు తిరిగింది. లియోన్ వాడెల్, ఇరవై రెండేళ్లు. తగిలింది, తొంభై. కింద రెండు పొడి అక్షరాలు: నూ.ర. రెండో దాంట్లో వాడెల్ కొట్టాడు. ఎదుటివాడి తల కదల్లేదు. ఆనింది, నాలుగు. నూ.ర. ఆ ఎదుటివాడు పంతొమ్మిదేళ్ల గ్రెగ్ స్టోల్.

వాడెల్ దస్త్రంలో ఇంకొక్క పంక్తే ఉంది. ఎనిమిది నెలల్లో వాటా ముగిసింది.

ఆమె కోల్ సాధనకి తిరిగి వచ్చింది. రెండు రౌండ్ల మధ్య అతను బల్ల మీద కూర్చున్నాడు. ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఏదో చెబుతున్నాడు. చెబుతూ తన గడ్డాన్ని భుజం మీదికి తీసుకెళ్లి చూపించాడు. ఆమె బొమ్మ ఆపి మొహం పెద్దది చేసింది. జుట్టు నెరిసింది. మెడ మాత్రం వాడెల్‌దే.

"మేడమ్, పదకొండు నిమిషాల్నించి పని ఆగి మీ దీపం పసుపు రంగులో ఉంది. ఒంట్లో బాలేదా?" అంతస్తు బాధ్యుడు బెహరా హేమసుందర్ వెనక నిలబడ్డాడు. ముప్పై ఏళ్లవాడు. తూనిక కంటే పదేళ్లు పెద్ద.

"బాగానే ఉంది సార్. ఇది చూడండి."

అతను మూడు బొమ్మలూ చూశాడు. గోడ వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎవరితోనైనా అన్నారా?"

"నేననడమేటి, ఎల్లాజీ బాబాయే నాతో అన్నాడు."

"టీ బాబాయా?"

"హెవీవెయిట్ బాబాయ్."

హేమసుందర్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక పని చెయ్యండి. కోల్ సాధన మొత్తానికి పరికర లోపం అని రాసెయ్యండి. నేను సంతకం పెడతాను. అతని లైసెన్సు నిలబడుతుంది. మన పనీ నిలబడుతుంది."

"రేపు ఇలాంటివాడే ఇంకొకడు వస్తే?"

"రేపు చూద్దాం."

"మొదటి నమూనా మార్చీవచ్చు కదా?"

అతను ఆలోచించాడు. "పైవాళ్లని ఒప్పించొచ్చేమో. కష్టం. రెండోది మాత్రం ముట్టుకోకండి మేడమ్. మొదటిది తప్పంటే, ఆడాల్సినవాళ్లని ఆడనివ్వలేదని తిడతారు. పడొచ్చు. రెండోది తప్పంటే, ఆడకూడనివాళ్లని మనం ఆడించాం అని."

"ఎంతమందిని?"

"నాకు తెలీదు. మీరూ తెలుసుకోకండి." అతను లేచాడు. "హైదరాబాద్‌ ఆఫీసుకి ఫోన్ చేసి వస్తాను. అప్పటిదాకా ఏమీ నొక్కకండి. ప్లీజ్." అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మూలనమూనాని మార్చడానికి మూలచదువరి ఒకరి బొటనవేలు చాలు. ఆ ఆరుగురిలో అయిదుగురు ఎప్పుడో మానేశారు. ఆరో వేలు ఇంకా ఇక్కడే పని చేస్తోందని ఎవరికీ గుర్తు లేదు. హైదరాబాద్‌లో ఫోన్ ఎత్తినవాడు అడిగే మొదటి ప్రశ్న ఆ వేలు ఎవరిదన్నదే అవుతుంది. నూకరత్నం టీ తాగింది. చల్లారిపోయింది. గ్లాసు పక్కన పెట్టి వేలు ఆనించింది.

మొదటి నమూనా దగ్గర 'తగిలింది' కొట్టేసింది. 'ఆనింది' పెట్టబోయి ఆగింది. అదీ కాదు. 'ఇతరం' అన్న గడిలో రాసింది: వాలు.

ఈ మాట నా దగ్గర లేదు, అంది తూనిక. ఇలాంటివి వెతకనా?

ఔను.

కోల్ తెర చుట్టూ ఉన్న ఎర్ర గీత పోయింది. అతని వాటా రెండు కాస్తా పదకొండయింది, ముప్పై అయింది, అరవై నాలుగు దగ్గర ఆగింది. టొలీడో పని అయిపోయింది. అద్దాల గదిలో హేమసుందర్ ఫోన్ చెవికి పెట్టుకుని ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. ఇక్కడితో ఆపితే తిట్లతో పోతుంది. పడొచ్చు.

రెండో నమూనా తెరిచే ఉంది. స్టోల్ తల నిటారుగా ఉంది. ఆమె ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు ఔను అందో తూనికకి తెలుసు. ఇది మారిస్తే వాటిలో ఏది ఏమిటో ఆమెకీ తెలుస్తుంది. ఆ మనిషి నోట్లో నీళ్ల గొట్టం పెట్టిన చెయ్యి జ్ఞాపకం వచ్చింది. ఆ చేతికి గాజులు లేవు. వేలికి ఒక ఉంగరం ఉంది. తల్లో, పెళ్లామో.

ఆమె 'ఆనింది' కొట్టేసి 'తగిలింది' అని రాసింది. నాలుగు తీసి తొంభై పెట్టింది.

ఇలాంటివి వెతకనా?

ఔను.

ముందు చదువరుల దీపాలు పసుపుకి మారాయి, వరస తర్వాత వరస. నూట ముప్పై తెరల మీదా దెబ్బలు ఆగిపోయాయి. తర్వాత గోడ పక్కన ప్రత్యక్ష పోటీల పలకలో రెండు చోట్ల వాటా ముగిసిందని ఎర్రదీపం వెలిగింది. చికాగోలో ఒకటి, హ్యూస్టన్‌లో ఒకటి. అక్కడ ఇంకా రాత్రి పది కాలేదు. రెండు చోట్లా రిఫరీలు మధ్యలోకి వచ్చి చేతులు అడ్డం పెట్టారు. ఇద్దరు నిటారు తలల వాళ్లు ఎందుకో తెలియక నిలబడ్డారు.

హేమసుందర్ ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాడు. అవతలివాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. "ఏం చేశారు మేడమ్?" అన్నాడు.

"మళ్లీ చూశాను సార్," అంది నూకరత్నం.

గోడ మీద స్టోల్ పక్కనున్న డెబ్బై ఒకటి కదిలింది. నలభై అయింది. తొమ్మిది అయింది. సున్నా అయింది. సున్నాకి కింద అంకె ఉంటుందని ఆ పలక చేసినవాళ్లు అనుకోలేదు. అంకె ముందు మైనస్ గీత పెట్టే చోటు దానికి లేదు. పన్నెండు అయింది. ముప్పై ఎనిమిది అయింది. వెనక వరసలో కొత్తగా చేరిన ఒకామె, "బాగుంది, పెరుగుతోంది," అంది.

ఎల్లాజీ ఖాళీ గ్లాసు తీసుకోవడానికి వచ్చి గోడ వైపు కళ్లు చికిలించాడు.

"నా కంటికి ఆన్నేదు. ఏటమ్మా అది, ఎక్కుతున్నాదా, దిగుతున్నాదా?"

అంకె తొంభై రెండు దాటింది. నూరు దాటింది. ఇంకా ఆగలేదు.

"దిగుతున్నాది బాబాయ్," అంది నూకరత్నం.