రైలు గేటు దగ్గర మూలుగు

ఊరి చివర రైలు గేటుకి మంచి పేరు లేదు. గేటు ముందు రోడ్డు బాగా ఎత్తు. రాత్రి పూట గేటు పడి ఆ ఎత్తు మీద బళ్ళు ఆగాయంటే చాలు... ఏదో కాలుతున్న కంపు వస్తుందట. అది శవం కంపేనని తేల్చేశారు, శవం కాలే వాసన ఎన్నడూ ఎరగనివాళ్ళంతా కలిసి. పైగా అక్కడ ఏదో మూలుగు వినిపిస్తుంది, బళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఎప్పుడో ఒకావిడ పట్టాల మీద పోయిందనీ, మూలిగేది ఆవిడేననీ చెప్పుకునేవాళ్ళు. ఎవరావిడ, ఎప్పుడు పోయింది అని అడిగితే మాత్రం — "అవన్నీ ఇప్పుడెందుకులే" అనేవాళ్ళు.

ఆ మూలుగు నేను వినలేదు. విన్నది మా అక్కా, బావా. ఈ కథ సగం అక్క చెప్పింది, సగం మెకానిక్ చెప్పాడు. బావ కూడా చెప్పాడు గానీ, ఆయన దెయ్యం రోజుకో అడుగు పొడుగు పెరుగుతుంటే ఇక వదిలేశాను.

బావది మామూలు కారే. ఆయన మాత్రం తనను తాను మామూలు మనిషి అనుకోడు. సైలెన్సర్ మార్చాడు, వీధిలో పసిపిల్లలందరూ ఒకేసారి లేచి ఏడ్చేలా. ఇంజనుకి పవర్ పెంచాడు. ఆ పవర్ తట్టుకోవాలని రేసు కార్లకి వేసే గట్టి క్లచ్ వేయించాడు. దాన్ని తొక్కాలంటే ఎడమకాలికి విడిగా తిండి పెట్టాలి. ఇంతా చేసి ఆ కారు వెళ్ళేది ఎక్కడికయ్యా అంటే — రోజూ రాత్రి అక్కని డ్యూటీలో దింపడానికి.

అక్కది రక్తపరీక్షల ల్యాబ్‌లో రాత్రి షిఫ్టు. ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. తెల్ల కోటు చేతికిచ్చిన రోజు అద్దం ముందు రెండుసార్లు వేసుకుని చూసుకుంది, ఎవరూ చూడట్లేదనుకుని. ఆ ల్యాబ్‌కి దారి ఒక్కటే. ఆ గేటు దాటాలి.

ఒక రాత్రి గేటు పడింది. బావ పాటలు ఆపేశాడు. అద్దాలు ఎక్కించాడు. గేరు వేసి, క్లచ్ అదిమిపట్టి, బ్రేకు తొక్కి... శిలలా కూర్చున్నాడు.

అప్పుడు వినపడింది.

ఊఁ... ఊఁ... అని. పళ్ళు బిగబట్టి ఎవరో మూలుగుతున్నట్టు.

"విన్నావా?" అన్నాడు బావ, పెదాలు కదపకుండా.

"ఊఁ" అంది అక్క. ఆ 'ఊఁ'కి కూడా బావ ఉలిక్కిపడ్డాడు.

గేటు లేచింది. కారు కదిలింది. సరిగ్గా పట్టాల మీదికి వచ్చాక, కుదుపులకి వేగం తగ్గి, బావ మళ్ళీ క్లచ్ తొక్కాడు... మూలుగు... ఇంజను ఆగిపోయింది. క్లచ్ వదలకుండానే తాళం తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. అవతల గేటుమాన్ లాంతరు ఊపుతూ కేకలేస్తున్నాడు — ఇంకో రైలు వస్తోందని.

బావ వెంటనే తలుపు తీసి దూకేశాడు. భార్యని రక్షించడానికి అటువైపు వచ్చాడనుకునేరు. నేరుగా గేటుమాన్ గది దాకా పరిగెత్తాడు.

అక్క పక్క సీట్లోంచే వంగి గేరు న్యూట్రల్‌లోకి లాగింది. వెనక బళ్ళవాళ్ళు దిగి కారుని తోసేశారు. పట్టాలు దాటిన కాసేపటికి రైలు వెళ్ళిపోయింది. అక్క డ్రైవరు సీట్లోకి జరిగి, క్లచ్ జోలికి పోకుండా ఊరికే తాళం తిప్పింది. ఇంజను చక్కగా అందుకుంది, ఏ మూలుగూ లేదు. అనుమానమొచ్చి క్లచ్ తొక్కింది.

ఊఁ... ఊఁ...

అప్పటికి బావ తిరిగొచ్చాడు. "నువ్వంటే దానికి కోపం. రేపే ఉద్యోగం మానెయ్" అన్నాడు గుసగుసగా.

అక్కకి ఏడుపొచ్చింది. దెయ్యానికి కాదు, ఆ మాటకి. మర్నాడు పొద్దున్నే కారునీ, కారుతో పాటు బావనీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళింది.

మెకానిక్ పెద్దాయన. మాట తక్కువ. ఇంజను నూనె చూసే కడ్డీ లాగి గుడ్డకి తుడిచి ఎండలో చూపించాడు. నూనెలో సన్నటి లోహపు పొడి మెరిసింది. తర్వాత అక్కని సీట్లో కూర్చోబెట్టాడు. ఇంజను ఆపేసే ఉంది.

"అమ్మా, క్లచ్ తొక్కండి... వదలండి... మళ్ళీ తొక్కండి. సార్, మీరిలా వచ్చి ఈ చక్రం చూడండి."

ఇంజను ముందున్న బెల్టు చక్రం, అక్క తొక్కినప్పుడల్లా ముందుకి జరుగుతోంది. వదిలితే వెనక్కి. ఊపిరి తీస్తున్నట్టు.

బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకండి. క్లచ్ తొక్కితే లోపలి షాఫ్టు ముందుకి తోసుకొస్తుంది. దాన్ని ఆపడానికి ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. మీది అరిగిపోయింది. అందుకే రాపిడి, మూలుగు, ఇంజను ఆగడం. ఇంత గట్టి క్లచ్ ఎవరు పెట్టమన్నారు?"

"నేనే."

"గేటు దగ్గర కాలెక్కడుంటుంది?"

"క్లచ్ మీదే... గేటు లేవగానే పారిపోవాలి కదా!"

మెకానిక్ గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. "ఆ ఎత్తు మీద అందరూ బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీదే ఆపుతారు సార్. ఆ కంపు కాలే క్లచ్ ప్లేట్లది. మీరు చెప్పే ఆవిడకి నేను నెలకి నాలుగు ప్లేట్లు మారుస్తుంటాను."

ఇంజను మొత్తం దింపాల్సొచ్చింది. ఉద్యోగం మానడం గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమంతా అక్క తన పాత స్కూటర్ మీదే వెళ్ళింది. ఒక రాత్రి గేటు పడింది. అక్క ఇంజను ఆపి నిలబడింది. చిమ్మచీకటి. వెనకెక్కడో ఏ బండో గుడగుడమనడం తప్ప చడీచప్పుడు లేదు. అప్పుడు... వెనక నుంచి...

ఊఁ... ఊఁ...

కారేమో గ్యారేజీలో ముక్కలై ఉంది. తన స్కూటర్‌కి గేర్లూ లేవు, క్లచ్చూ లేదు. మరి మూలిగేది ఎవరు?

మెల్లగా వెనక్కి తిరిగింది. లైట్లార్పుకుని, అచ్చం బావ కారు లాంటిదే ఇంకోటి, అంత సైలెన్సర్‌తోనూ. లోపలివాడి కాలూ క్లచ్ మీదే ఉన్నట్టుంది. అక్కకి భయం పోయి ఒళ్ళు మండింది. తెల్ల కోటుతోనే దగ్గరికి నడిచి, అద్దం మీద వేలితో కొట్టి, వంగి మెల్లగా చెప్పింది —

"కాలు తియ్యి... కాలు తియ్యి నాయనా..."

ఆ కారు వచ్చిన దారినే, వెనక గేరులో, ఎత్తంతా దిగిపోయింది.

మర్నాడు సాయంత్రం బావ రొప్పుతూ ఇంటికొచ్చాడు. "చెప్తే వినలేదు మీరు! మా కార్ల క్లబ్బులో ఒకడికి నిన్న రాత్రి కనిపించిందట. తెల్లబట్టలు, జుట్టు విరబోసుకుని, కాలు ఇమ్మని అడిగిందట!" మెకానిక్ మాటలన్నీ గాలికి పోయాయి. ఊళ్ళో అందరూ ఇప్పుడు ఆ గేటు దగ్గర కాళ్ళు పైకి ముడుచుకుని, హ్యాండ్‌బ్రేకు లాగి కూర్చుంటున్నారు. కంపు కూడా తగ్గిందట.

ఆ సాయంత్రం అక్క తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఈ రాత్రి ఒక్కదానివే వెళ్ళకు" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "అక్కడ... అది ఉంది."

"నేను వెళ్తేనే ఉంటుందండీ అది" అంది అక్క.

బావకి ఇప్పటికీ అర్థం కాలేదు.