పెద్దాయన రంగు

మందు డబ్బాల్లో మడతపెట్టి ఉంటుందే సన్నక్షరాల కాగితం, దాన్ని మనం విప్పనైనా విప్పం. అందులో అచ్చుతప్పులు లేకుండా చూడటమే ఒకావిడ ఉద్యోగం. ఒకటి పాయింట్ ఐదులో ఆ చుక్క కాస్తా ఎగిరిపోతే పదిహేను అవుతుంది. మింగినవాడి పని గోవిందా. చుక్కే కదా అని కొట్టిపారేయడానికి లేదు మరి.

ఆఫీసులో ఆ పని ఆవిడా, ఆవిడ బాబాయ్ గారూ అని పిలిచే ఒక పెద్దాయనా కలిసి చేసేవాళ్ళు. పెద్దాయన అసలు కాగితం పైకి చదివేవాడు. ఆవిడ తలవంచుకుని తెర మీది దానితో సరిచూసేది. వాక్యం అయితే పెన్సిల్‌తో బల్ల మీద ఒకసారి టక్. పేజీ అయితే రెండుసార్లు, టక్ టక్. ఆ రెండూ వినపడేదాకా తల ఎత్తకూడదు. "కన్ను పక్కకి పోయిందా, తప్పు దూరినట్టే తల్లీ" అనేవాడు. మనసు వెన్నే గానీ, పనిలో మాత్రం చండశాసనుడు.

పోయినేడు ఒక మధ్యాహ్నం ఆయన ఒక్క టక్ కొట్టి ఆగిపోయాడు. మంచినీళ్ళు తాగుతున్నాడేమో అనుకుంది ఆవిడ. తల ఎత్తలేదు. పావుగంట అలాగే వంగి కూర్చుంది. ఎవరో వచ్చి కేకపెడితే అప్పుడు చూసింది. పెన్సిల్ వేళ్ళ మధ్యే ఉంది, ఒళ్ళు మాత్రం చల్లబడిపోయింది. కాస్త ముందు చూసుంటే బతికేవాడమ్మా, అన్నాడు డాక్టరు. ఆ మాట అనకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయేదో!

ఆ తర్వాత ఆ గదిలో కూర్చోలేక, ఇంటినుంచే పని చేస్తానని బతిమాలుకుంది. మొగుడిది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. మూడున్నరకి ఏడేళ్ళ పాప బడి బస్సు దిగి వస్తే తలుపు తీసే మనిషి ఉండాలి. అంతకుమించి ఆవిడకి వేరే కోరికేం లేదు. ఆఫీసువాళ్ళు సరేనని పెద్దాయన విడిగా పని చేసుకునేటప్పుడు వాడిన కంప్యూటరే పంపించారు.

కానీ చదివి వినిపించే మనిషి లేకుండా, కాగితమూ తెరా ఒక్కతే చూసుకుంటూ, ఇంట్లో ధ్యాస కుదిరితేగా! కుళాయి కారితే చెవి అటు, వీధిలో హారన్ మోగితే చెవి ఇటు. నెలలో రెండు తప్పులు జారిపోయాయి. ఇంకొక్కటి జారితే మళ్ళీ ఆఫీసుకే రావాలన్నాడు మేనేజరు. అంటే మూడున్నరకి పాప తాళంకప్ప ముందు నిలబడాలన్నమాట.

ఆ బాధంతా ఫోన్లో ఆడపడుచు దగ్గర వెళ్ళబోసుకుంది.

"ఆ తెల్ల తెర మీద కళ్ళు పొడుచుకుని ఎలా చేస్తున్నావు వదినా? వెనక రంగు మార్చు. రంగుని బట్టి ధ్యాస కుదురుతుందట."

"ఎవరన్నారే?"

"ఎవరో అన్నార్లే. ముందు నువ్వు మార్చు."

నీలం పెడితే ఆవలింతలొచ్చాయి. ఆకుపచ్చ పెడితే ఆసుపత్రి గుర్తొచ్చింది. గులాబీ పెడితే పాప చప్పట్లు కొట్టింది గానీ పని ఒక్క అంగుళం కదల్లేదు. రంగుల పట్టిక అడుగున, మనం కలుపుకున్న రంగులు దాచుకునే గళ్ళు కొన్ని ఉంటాయి. అన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. పెద్దాయన దాచుకున్నదన్నమాట. పసుపూ కాదు, బూడిదా కాదు. చెమ్మ ఆరిపోయాక గోడ మీద మిగిలే మరకలా ఉంది.

పాప తన క్రేయాన్ల డబ్బా తెచ్చి, ఒక్కొక్కటీ తెరకి ఆనించి చూసింది. "ఇది నా దాంట్లో లేదమ్మా" అంది మూతి ముడుచుకుని.

మర్నాడు పొద్దున పాపని బస్సెక్కించి, తలుపు గడియ పెట్టి, ఆ రంగు పెట్టుకుని కూర్చుంది. అబ్బ, ఏం కుదిరిందండీ ధ్యాస! కుళాయి లేదు, వీధి లేదు. ఎవరో లోకానికి మూత పెట్టేసినట్టుంది. ఒక్కో చుక్కా కంటికి ఎదురొచ్చి మరీ కనపడింది. రెండు రోజుల పని మధ్యాహ్నానికల్లా అయిపోవచ్చింది. ఆడపడుచు నోట్లో పంచదార పొయ్యాలి అనుకుంది.

అప్పుడు తెలిసింది. తను చదవడం లేదు. ఎవరో చదువుతుంటే సరిచూసుకుంటోంది...

వెనకనుంచి వస్తోంది గొంతు. తగ్గు స్వరం. చెక్కిన పెన్సిల్ వాసన... దగ్గుబిళ్ళ వాసన... వాక్యం అవ్వగానే, బల్ల మీద, టక్.

తల ఎత్తుదామనుకుంది. మెడ లేవలేదు. కళ్ళు మూసుకుందామనుకుంది. రెప్పలు పడలేదు.

చివరి కాగితం అయిపోయింది. తెర మీద ఇప్పుడు అక్షరాలు లేవు, ఆ రంగొక్కటే ఉంది. గొంతు మాత్రం ఆగలేదు.

"బస్సు మలుపు తిరిగింది."

టక్.

"పాప దిగింది. ఎడమ బూటు లేసు ఊడింది."

టక్.

"మెట్లెక్కుతోంది."

టక్.

అయ్యో, మూడున్నర! లేవాలి... కాళ్ళు తనవి కానట్టున్నాయి. వీధి తలుపు మీద చిన్న చెయ్యి తట్టింది.

"అమ్మా... తలుపు తియ్యమ్మా..."

అంతా వినపడుతోంది. పది అడుగుల దూరం. వస్తున్నానమ్మా అందామంటే నోరు పెగల్లేదు. లోపల్లోపలే దండం పెట్టుకుంది. బాబాయ్ గారూ, ఆ రోజు చూడలేదు, నాదే తప్పు. పేజీ అయిపోయింది కదండీ, ఆ రెండు టక్‌లూ కొట్టేయండి. పసిదాని జోలికి పోకండి.

"పిల్ల ఏడుస్తోంది."

టక్.

"పిల్ల ఏడవడం లేదు."

టక్.

తర్వాత ఆ గొంతు వెనకనుంచి కాకుండా ముందు గదిలోంచి వచ్చింది.

"గడియ తీశాను."

టక్...

కరెంటు పోయింది. తెర నల్లబడగానే మెడ పట్టు వదిలింది. ఆవిడ పడుతూ లేస్తూ ముందు గదిలోకి పరిగెత్తింది. తలుపు బార్లా తెరిచి ఉంది. పాప చెయ్యి అందని పై గడియ కిందికి వేలాడుతోంది.

పాప లోపలే ఉంది. ఆ గదిలోని బల్ల దగ్గర కుర్చీలో, తల వంచుకుని కాగితానికి రంగు వేస్తోంది. ఎడమ బూటు లేసు ఊడి ఉంది.

"నా తల్లే, నా బంగారమే... భయపడ్డావా?" కావలించుకుని ఏడ్చేసింది. పాప ఆగలేదు, తల ఎత్తలేదు. చేతిలో ఉన్నది ఎర్ర క్రేయాను. కాగితం నిండా పరుచుకున్నది మాత్రం ఆ రంగే.

"బుజ్జీ, ఇటు చూడమ్మా. ఒక్కసారి అమ్మని చూడు."

చూడలేదు. గడ్డం పట్టుకుని ఎత్తబోయింది. ఆ చిన్న మెడ రాయిలా బిగుసుకుని ఉంది.

ఆవిడకి ఒక్కటే తోచింది. వేలు మడిచి బల్ల మీద కొట్టింది. టక్ టక్.

ఆ రెండు టక్‌ల సంగతి పాపకి ఆవిడ ఏనాడూ చెప్పలేదు. అయినా పాప తల అడ్డంగా ఊపింది, కళ్ళు కాగితం మీదే ఉంచి.

"నువ్వు కాదమ్మా" అంది గుసగుసగా. "తాతయ్య కొట్టాలి."