చిలకపిడి గరిటెలు

"ఇంకొక్క చెడ్డమాట పడితే నా దుకాణం మూసేస్తారమ్మా. ఉదయగిరి టీచరు మోసగత్తెని దేశదేశాలోళ్ళు చదువుతారు."

నెల్లూరులో డిటెక్టివ్ అనురాధ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఏంజెలిన్ టీచరు కుర్చీలో కూర్చోకముందే అన్న మాటలివి. అసిస్టెంటు తిరుపాలు మంచినీళ్ళు అందించాడు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. తనకన్నా పాతికేళ్ళు చిన్నదైన ఆడమనిషి కింద పనేమిటని మొదట్లో మొహమాటపడ్డాడు. రెండేళ్ళుగా ఆమె పనితీరు చూశాక ఆ మొహమాటం పోయింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మా మేడం చూపు మామూలు చూపు కాదబ్బా" అని గర్వంగా చెబుతాడు.

"మీ దుకాణం ఎక్కడుండాదమ్మా?" అని అడిగాడు.

"కంప్యూటర్లో!"

తిరుపాలుకు అర్థం కాలేదు. అనురాధ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంటర్నెట్ వేలమా? మొదటినుంచీ చెప్పండి."

ఏంజెలిన్ చెప్పింది. వాళ్ళ వీధిలో కొండలయ్య అనే ముసలాయన నర్ది అనే అడవిచెట్టు చెక్కతో స్పూన్లు, గరిటెలు చెక్కుతాడు. ఏళ్ళ తరబడి వాటిని ఆత్మకూరు వ్యాపారి మల్లికార్జునం గంపగుత్తగా కొనేవాడు. ఆయన మేనల్లుడు హరిప్రసాద్ అదే షాపు మేడమీద కంప్యూటర్ సెంటరు పెట్టాడు. కిందటేడు సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకోవడానికి వెళ్ళిన ఏంజెలిన్‌కు, వస్తువు బొమ్మ పెడితే ఏడు రోజులు లోకమంతా పాట పాడే వేలం ఒకటుందని అతనే చూపించాడు.

"మొదట ఒక్కటే గరిటె పెట్టినాం. ఆరు రోజులు ఈగ కూడా వాలలేదు. ఏడో రోజు జర్మనీ ఆయనా, అమెరికా ఆమే పోటీపడి పాడినారు. కొండలయ్య తాత నమ్మలేదు. 'నా గరిటెకి తెల్లోళ్ళు కొట్టుకుంటున్నారా?' అని మూడుసార్లు అడిగినాడు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. "కొన్నోళ్ళు మంచి మార్కు ఇస్తేనే తర్వాతోళ్ళు నమ్మేది. ఎనిమిది మందీ మంచిదే ఇచ్చినారు. ఆగస్టులో మూడు చిలకపిడి సెట్లు పంపినా. ముగ్గురికీ చేరినవి బరక స్పూన్లు! నేనే మోసం చేసినానని రాసినారు."

"పార్సెల్ ఎవరు కడతారు?"

"నేనే. శనివారం స్కూలు కాగానే చెక్కపొట్టు కూరి పెట్టెలో సర్ది, బస్సులో ఆత్మకూరు తీసుకుపోతా. అన్నీ ఒకే సైజు పెట్టెలు. హరి అడ్రసు కాగితాలు అంటించి మల్లికార్జునం గోడౌన్లో పెడతాడు. సోమవారం పోస్టాఫీసులో లోపలి సరుకు చూపించినాక దర్జీ గుడ్డ కుట్టి లక్క వేస్తాడు. ఆ లక్క చెక్కుచెదరకుండానే చేరినాయంట."

కొన్నవాళ్ళలో ఒకరు పంపిన ఫోటో ప్రింటు ఆమె బల్లమీద పెట్టింది. తెరిచిన పెట్టెలో నునుపు చేయని స్పూన్లు, వాటి చుట్టూ నలిపిన తెలుగు పేపరు. అనురాధ భూతద్దంతో చూసి, ఫోటోను తిరుపాలు వైపు జరిపింది. పేపరు మూలన ఆగస్టు 22 అన్న తేదీ కనిపిస్తోంది.

"ఆ రోజు ఏ వారం తిరుపాలుగారూ?"

ఆయన గోడమీది క్యాలెండరు వెనక్కి తిప్పాడు. "ఆదివారం మేడం."

మర్నాడు ఇద్దరూ ఆత్మకూరు వెళ్ళారు. మల్లికార్జునం గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే మాట్లాడాడు. "అవును, తిట్టినా. ఎట్లా అమ్ముతావో చూస్తా అన్నా. ముప్పై ఏళ్ళ ఖాతా ఆ కొండలయ్యది. ఒక్కమాట చెప్పకుండా మానేస్తే కడుపు మండదా?"

"గోడౌన్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరొకటి, హరి దగ్గరొకటి. ఏం, నన్ను అనుమానిస్తా ఉన్నావా?"

అనురాధ నవ్వి షాపంతా కలయచూసింది. షాపులో ఒక మూల బుట్టనిండా చవక చెక్క స్పూన్లున్నాయి. తిరుపాలు ఒకటి తీసి ఫోటోతో పోల్చాడు. అవే! ఆయన కళ్ళతోనే మేడంకు సైగ చేశాడు. దొంగ దొరికినట్టే అనుకున్నాడు.

మేడమీద హరిప్రసాద్ మర్యాదగా లేచి కుర్చీలు వేశాడు. సన్నటి కుర్రాడు, మాట మెత్తన. ఫోనులో నెల్లూరుకు ఎస్టీడీ కలిస్తేగానీ నెట్ రాదని చెప్పి, వేలానికి పెట్టిన బొమ్మల ప్రింట్లు చూపించాడు. ప్రతి బొమ్మలోనూ ఎడమవైపు పైనుంచి కిందికి వెంట్రుకంత గీత ఉంది.

"గరిటెలు పగిలినాయేంది?" అన్నాడు తిరుపాలు.

"కాదు సార్. స్కానరు అద్దం మీద గీత. గరిటె అద్దం మీద పెట్టే బొమ్మ తీస్తాం. ఏది పెట్టినా ఆ గీత పడతాది."

"ఏ పెట్టె ఎవరికి పోతుందో టీచరుగారికి తెలుసా?" అనురాధ అడిగింది.

"ఆమెకెందుకు మేడం? పెట్టెలో ఏముందో రాసి లోపల చీటీ పెడతారు, దాన్నిబట్టి అడ్రసులు అంటించేది నేనే. బయట మామూలుగా 'వుడెన్ స్పూన్స్' అనే రాస్తా."

అక్కణ్ణుంచి ఉదయగిరి వెళ్ళారు. కొండలయ్య వాకిట్లో కూర్చుని గరిటె పిడిమీది చిలకకు ఉలితో ముక్కు దిద్దుతున్నాడు. పిడి చివర చిలక తల వంచి రెక్క గోక్కుంటోంది. తిరుపాలు ఆ చెక్కడం చూస్తూ వచ్చిన పని మరిచిపోయాడు.

"ఇట్లాంటివి ఇంకెవరికైనా ఇచ్చినావా తాతా?" అని అనురాధ అడిగింది.

"ఒక చిలక్కి రెండు దినాలు పడతాది తల్లీ. టీచరమ్మకి తప్ప ఎవురికీ ఇయ్యలా."

శనివారం మధ్యాహ్నం మల్లికార్జునం షాపులో అందరూ చేరారు. అనురాధ నిలబడే మాట్లాడింది.

"ఏంజెలిన్ గారు పెట్టె కట్టింది శనివారం, చెక్కపొట్టుతో. చేరిన పెట్టెలో ఉన్నది ఆదివారం పేపరు. అంటే సరుకు మారింది దారిలో కాదు, సోమవారం కుట్టు పడకముందే, గోడౌన్లో. తాళంచెవులు రెండే."

అందరి చూపులూ మల్లికార్జునం మీదికి పోయాయి. ఆయన ముఖం ఎర్రబడింది. "బుట్టలో స్పూన్లు నావే. అయితే ఏందిప్పుడు?"

"అయితే ఏమీ లేదు. వ్యాపారం చెడగొట్టాలనుకున్నవాడు గరిటెలు విరిచేస్తే చాలు. ఒకటికొకటి లెక్కగా మార్చిపెట్టడు. మార్చాడంటే వాడికి మంచివి కావాలి. పైగా ఒకే తీరు పెట్టెలు పదకొండు పోతే, మారినవి చిలకపిడివి మూడే. ఏ పెట్టెలో ఏముందో పైనుంచి మీకు తెలియదు. చీటీ చూసి అడ్రసు అంటించే మనిషికే తెలుసు."

హరిప్రసాద్ గోడకు ఆనుకున్నాడు. "ఊహలు చెబుతా ఉన్నారు మేడం."

"నెల్లూరు నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చున్నాను. ఆ వేలంలోనే ఇంకో పేరుతో ఒక కొత్త అమ్మకందారున్నాడు. ఊరు నెల్లూరు. అమ్మేవి చిలకపిడి గరిటెలు." ఆమె ప్రింటొకటి కొండలయ్య చేతికిచ్చింది.

ముసలాయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది నా బిడ్డే. రెక్క కింద బుడిపె ఉంటే ఈకగా మలిచినా."

అనురాధ ఆ ప్రింటునూ ఏంజెలిన్ గరిటె ప్రింటునూ ఒకదానిమీదొకటి పెట్టి వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. రెండు గీతలూ ఒక్క గీతైపోయాయి. ముప్పై ఏళ్ళ పోలీసు కొలువులో ఇన్ని సోదాలు చేసినా, రెండు కాగితాలు ఇంత గట్టి సాక్ష్యం చెప్పడం తిరుపాలు చూడలేదు. ఆయన గుండె ఉప్పొంగింది.

హరిప్రసాద్ నేలమీద చతికిలబడ్డాడు.

"నేర్పింది నేను. టైపు కొట్టింది నేను. పేరు మాత్రం టీచరమ్మది. నాకూ ఒక పేరు కావాలనుకున్నా. తాత చెక్కితేనేగా ఎవురైనా పాడేది. ఇంకోళ్ళ పని పెడితే ఒక్కరూ చూడలా."

కొండలయ్య అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అడిగితే నేను చెక్కి ఇయ్యనా నాయనా? ఒక్కతూరి అడగొచ్చు గదా!"

ఆ మాటకు హరిప్రసాద్ వెక్కి వెక్కి ఏడ్చాడు. మల్లికార్జునం తల దించుకున్నాడు.

పోలీసులకు చెప్పాలా అని అనురాధ అడిగితే ఏంజెలిన్ చాలాసేపు ఆలోచించింది. "వద్దు. ముగ్గురికీ జరిగింది జరిగినట్టు హరే రాయాల. మిగిలిన గరిటెలు ఇచ్చేయాల. ఆ రెండో దుకాణం నా కళ్ళముందే తీసేయాల."

అతను అలాగే చేశాడు. పోయినవాటికి బదులు కొండలయ్య కొత్తవి చెక్కాడు. నెల తర్వాత ఇద్దరు మార్కు మార్చి, పక్కన మంచిమాట కూడా రాశారు. మూడో ఆయన జవాబే ఇవ్వలేదు. ఆ చెడ్డమాట అలాగే ఉండిపోయింది. దుకాణం మాత్రం నిలిచింది.

అక్టోబరులో ఏంజెలిన్ నెల్లూరు నెట్ సెంటరుకు వచ్చింది. వెంట కొండలయ్య కూడా ఉన్నాడు. ఇప్పటిదాకా ఆమె చెబితే హరి టైపు కొట్టేవాడు. ఇవాళ తనే కూర్చుంది. ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొత్త గరిటె గురించి రాస్తోంది. అనురాధ పక్కన నిలబడింది గానీ ఒక్క మీటా నొక్కలేదు. తిరుపాలు అది గమనించి లోలోపల మెచ్చుకున్నాడు.

"ఏం రాస్తా ఉన్నావమ్మా?" కొండలయ్య అడిగాడు.

"చెక్క ఏందో, ఊరేదో రాస్తా ఉన్నా తాతా."

"చెక్కినోడి పేరు గూడా రాస్తే ఒప్పుకుంటారా వాళ్ళు?"

ఏంజెలిన్ చెయ్యి ఆగిపోయింది. అంతకుముందు వేలానికి పెట్టిన పదకొండింటిలో ఒక్కదాని పక్కనా ఆ పేరు లేదు. ఆమె వాక్యమంతా చెరిపేసి, మొట్టమొదట ఇంగ్లీషులో 'కొండలయ్య' అని రాయడానికి 'కె' అక్షరం కోసం వెతకసాగింది.