తెల్లింట్లో లేచే శవం

ఇంతకుముందు నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఉత్తరం రాసిన రోజులే తక్కువ. భానుమతి తనకు జరిగింది నాకు చెప్పి, "నువ్వయితే ఉన్నదున్నట్టు రాస్తావు, రాయి" అంది. అందుకని రాస్తున్నా. తప్పులుంటే మీరే సర్దుకోండి.

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక నడక దారి ఒకటుంది, ట్రయిల్ అంటారు. వాగు దాటి, చెట్లలోకి పోయి, ఒక పాత తెల్లింటిని ఆనుకుని సాగుతుంది. ఆ ఇల్లు ఖాళీ. ముందు అమ్మకం బోర్డు పాతి ఉంటుంది. పోయిన అక్టోబరులో ఆ ఇంటికి చెడ్డపేరు వచ్చింది.

మొదట చూసింది మా బిల్డింగ్ కుర్రాడు లోకేష్. సాయంత్రం రన్నింగ్‌కి వెళ్ళి, ఒక కాలికే షూతో తిరిగొచ్చాడు.

"కిటికీలోంచి చూశాను. నేల మీద శవం... మెడ దాకా గుడ్డ కప్పి ఉంది. నేను చూస్తుండగానే... లేచి కూర్చుంది!"

రెండో షూ వాగులో పోయిందట.

తర్వాత పక్కింటి రేణు. ఆమె చూడలేదు, విన్నది. ఇనుముకి ఇనుము తగిలినట్టు టక్‌మని ఒక చప్పుడు... ఆ వెంటనే మూలుగు. పిల్లని చంకనేసుకుని ఒకటే పరుగు.

ఇంకేముంది, వాట్సాప్ గ్రూపు అంటుకుంది. ఆ ఇంట్లో ముసలావిడ పోతే నెల దాకా ఎవరూ చూడలేదట అని ఒకరు. కాదు, ఇద్దరట అని ఇంకొకరు. చీకటి పడితే ట్రయిల్ మీద మనవాళ్ళు ఒక్కరూ లేరు.

భానుమతి తప్ప.

భానుమతి తన కూతురు ఉజ్వల దగ్గర ఉంటుంది. యాభై దాటాయి. నలుగురిలో నోరు విప్పదు. కారు నడపడం రాదు. కూరగాయలకైనా, గుడికైనా, ఎవరో ఒకరికి తీరిక దొరికి తీసుకెళ్ళాలి. తన ఇష్టం వచ్చినట్టు, తన కాళ్ళ మీద తాను వెళ్ళేది ఆ సాయంత్రం నడక ఒక్కటే.

"అత్తయ్యగారూ, ఇక ఆ వాకింగ్ మానేయండి. కింద జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉందిగా!" అన్నాడు అల్లుడు అనూప్.

"అది ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచుతుంది బాబూ."

"దెయ్యం సంగతి సరే అమ్మా, లోపల ఎవడైనా పిచ్చోడుంటే?" అంది ఉజ్వల.

ఈ నడక కూడా పోతే ఇంట్లో సోఫాకీ నాకూ తేడా ఏముంటుంది అనుకుంది భానుమతి. మర్నాడు పొద్దుగూకుతుంటే షూ వేసుకుంది. దెయ్యమే గనక ఉంటే దాని మొహం చూసే వస్తాను... అని తలుపు దగ్గరికి లాగి బయటపడింది.

వాగు దాటేసరికి వెలుతురు పోయింది.

చెట్ల కింద ఎండుటాకులు. తను అడుగేస్తే చప్పుడు, ఆగితే నిశ్శబ్దం. మలుపు తిరిగింది. ఎదురుగా తెల్లిల్లు... కిటికీలో పచ్చటి వెలుగు. నేల మట్టాన ఉంది, దీపం కింద పెట్టినట్టు.

వెనక్కి పోదామనుకుంది. కాళ్ళు పోనివ్వలేదు. కాదు — తనే పోనివ్వలేదు. ఇవాళ వెనక్కి తిరిగితే రేపు గడప దాటదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దానికి మొహం ఆనించింది.

నేల మీద... ఉంది.

వెల్లకిలా పడుకుని ఉంది. మెడ దాకా ఆకుపచ్చా నీలం గళ్ళ గుడ్డ. తెల్లటి గడ్డం. కళ్ళు మూసి ఉన్నాయి.

టక్!

మూలుగు. గుడ్డ కదిలింది. ఒక చెయ్యి బయటికొచ్చింది... నేలను తడిమింది... ఆకారం పక్కకి దొర్లి, మోకాళ్ళ మీదికి లేచి, గోడ పట్టుకుని — నిలబడింది!

భానుమతి కళ్ళు మూసుకోలేదు. చిన్నప్పుడు విన్నది గుర్తొచ్చి, ముందుగా పాదాలే చూసింది. ఎటు తిరిగున్నాయి?

ముందుకే ఉన్నాయి. నల్ల బూట్లు. మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళు. ఆ పైన రెండు తెల్లటి బోడి మోకాళ్ళు.

"ఎవరది?" అని అరిచింది తెలుగులోనే.

లోపలి ఆకారం అంతకంటే గట్టిగా కేక పెట్టింది! అద్దానికి అతుక్కున్న మొహాన్ని చూసి గోడకి కరుచుకుపోయింది. నడుము దగ్గర గుడ్డ జారి కుప్పపడింది. కింద పొట్టి నిక్కరు. రెండు చేతులూ జోడించి, గుసగుసగా అంది:

"ప్లీజ్... డోంట్ టెల్ మై డాటర్."

దెయ్యాలకి కూతుళ్ళ భయం ఉండదు కదా! భానుమతి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

ఆయన పేరు గోర్డన్. డెబ్బై ఆరేళ్ళు. ఇల్లు ఆయనదే. భార్య పోయాక కూతురింటికి మారి, దీన్ని అమ్మకానికి పెట్టాడు. మిగతా కథ సగం మాటల్లో, సగం ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే తెలిసింది. ఆయన ముత్తాతగారి తాత స్కాట్లాండ్‌లో ఒక దీవి నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక్కరూ ఆ నేల తొక్కలేదు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి గోర్డన్‌కి అక్కడికే ఫ్లైట్. ఈ గళ్ళ గుడ్డ అక్కడి మగవాళ్ళ పాత కట్టు. కుట్టులేని పొడుగాటి గుడ్డ, నడుముకి బెల్టు. ఇది కట్టుకునే ఆ దీవిలో దిగాలని ఆయన కోరిక.

"అక్కడ ఇప్పుడెవరూ ఇలా తిరగరు నాన్నా, అమెరికావాడు వేషం కట్టాడని నవ్వుతారు" అందట కూతురు. గట్టిగా పట్టుబడితే, "నీ అంతట నువ్వు కట్టుకోగలిగితే కట్టుకో, లేదా ప్యాంటు వేసుకో. నేను చెయ్యి వెయ్యను" అందట.

మూడు వారాలుగా రోజూ చీకటి పడ్డాక ఇక్కడికొస్తున్నాడు. నేల మీద బెల్టు, దాని మీద గుడ్డ పరిచి, మడతలు పెట్టి, దాని మీద పడుకుని బెల్టుకున్న ఇనప కొక్కెం బిగిస్తే — ఆ టక్ అనే చప్పుడదే. లేచేసరికి మడతలన్నీ ఊడిపోతాయి.

"రేపు ప్యాంటే" అన్నాడు నేల చూస్తూ.

"ఎవరు నవ్వేది?" అంది భానుమతి. కోపం వచ్చింది. ఎవరి మీదో తనకే తెలీదు. "మీ తాతల ఊరికి మీరు మీ గుడ్డ కట్టుకెళ్తే మధ్యలో ఎవరికి నొప్పి? లేవండి. స్టాండ్!"

జంపఖానా అంత మందం గుడ్డ. పడుకోవడం లేదు, దొర్లడం లేదు. ఒక కొస ఆయన గడ్డం కింద నొక్కిపెట్టించింది. బొటనవేలికీ వేళ్ళకీ మధ్య కుచ్చిళ్ళు పోసి చూపించింది. తన గాజులకి ఎప్పుడూ వేలాడే పిన్నీసుల్లో పెద్దది తీసి కుచ్చిళ్ళన్నీ కలిపి గుచ్చి, ఫోటోల్లో ఉన్నట్టు వెనక్కి తిప్పింది. అప్పుడు బెల్టు. నడుం చుట్టూ గుడ్డ రాయిలా నిలబడింది!

గోర్డన్ మొహం చూడాలి...

భానుమతి మొత్తం విప్పేసింది. "నౌ యూ."

మొదటిసారి జారింది. రెండోసారి కుచ్చిళ్ళు వెనక్కి బదులు పక్కకొచ్చాయి. "వన్స్ మోర్" అంది. ఇంతలో ఫోన్.

"అమ్మా, ఎక్కడున్నావ్? ఆ ఇంటి దగ్గర లేవు కదా?"

"లోపలే ఉన్నా. దెయ్యానికి కుచ్చిళ్ళు నేర్పుతున్నా."

అవతల నుంచి "అనూప్! కారు తియ్యి!" అని వినిపించింది.

వాళ్ళొచ్చి చూశారు, నోళ్ళు తెరిచారు, భానుమతిని ఇంటికి తీసుకెళ్ళారు. దారంతా అనూప్ ఒకటే మాట. "దెయ్యం కాదు కాబట్టి సరిపోయింది అత్తయ్యగారూ. రేపట్నుంచి మాత్రం వద్దు."

మర్నాడు పొద్దున్న ఏడింటికి భానుమతి షూ వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు అనూప్ కాఫీ కప్పుతో.

"నడకకి" అంది, తలెత్తి.

రాత్రి అనుకున్నట్టే, తెల్లింటి మెట్ల మీద గోర్డన్ ఎదురుచూస్తున్నాడు. కట్టేసుకున్నాడు, ఎవరి సాయం లేకుండా. కుచ్చిళ్ళు కాస్త వంకరే. ఆమె సరిచెయ్యబోయి ఊరుకుంది.

ఆయన కూతురింటికి ఇద్దరూ ట్రయిల్ మీదుగా పోలేదు. ఆఫీసులకి కార్లు కదిలే వేళ, అపార్ట్‌మెంట్ల ముందు పెద్ద రోడ్డు పక్కన నడిచారు. లోకేష్ కారు ఆగింది. అద్దం దిగింది.

"ఆంటీ... ఇదే కదా ఆ... "

"అదే. పరిచయం చెయ్యనా?"

అద్దం పైకెళ్ళింది.

గోర్డన్ కూతురు వాకిట్లో సూట్‌కేసులతో నిలబడి ఉంది. తండ్రిని పైనుంచి కిందికి చూసింది. నువ్వే కట్టుకున్నావా అని అడిగింది. ఆయన తలూపాడు. ఆమె నవ్వలేదు. వచ్చి కారు తలుపు తీసి, ఆయన ఎక్కాక బయట వేలాడుతున్న గుడ్డ కొసని లోపలికి సర్ది, మెల్లిగా తలుపు వేసింది.

కారు వెళ్ళిపోయింది. భానుమతి ఇంటివైపు తిరగలేదు. అక్కడినుంచి ఇంకో రెండు మైళ్ళు, తనెప్పుడూ వెళ్ళని రోడ్డు మీద, ముందుకే నడిచింది.